కోడ్ కూడా ఇవ్వాల్సిందే

పిడుగురాళ్లలో సున్నం బట్టీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కుర్రాళ్లు ముందు అడిగేది ఇదే: "జీపీఎల్ కోడ్ వాడితే డబ్బు తీసుకోకూడదా అండీ?" నిక్షేపంగా తీసుకోవచ్చు. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తెచ్చిన ఆ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ధరతో పేచీ లేదు. కాకపోతే, ఆ కోడ్ కలిపి చేసిన ప్రోగ్రాము బట్టీ యజమానికి అమ్మారా, సోర్సు కోడ్ కూడా ఆయనకు దక్కాలి. ఆయన దాన్ని పక్క బట్టీకి ఊరికే ఇచ్చినా మీరు కాదనలేరు. సొంత ఆఫీసులో వాడుకుంటే ఈ గొడవే లేదు.

సర్వర్ మీద పెట్టి నెల చందాకు నడిపితే? జీపీఎల్ ఊరుకుంటుంది; దాని తోబుట్టువు లైసెన్సు, 2007 నాటి ఏజీపీఎల్ ఊరుకోదు, మీరు మార్చిన కోడ్ వాడకందార్లకు ఇమ్మంటుంది. బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే. ముంబయిలో పుట్టిన వ్యాపార సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్ మాత్రం జీపీఎల్ కిందే ఉండి, హోస్టింగు, సపోర్టు అమ్ముకుంటోంది. ఈ సంచికలో మొదటి వ్యాసం ఆ లెక్కల మీదే.