వెలుతురు అబద్ధం చెబితే.. బూటు వాపసొస్తుంది!

2025 సెప్టెంబరు 22 నుంచి జత రూ.2,500 వరకు ధర ఉన్న పాదరక్షలపై జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. అంతకుముందు వెయ్యి రూపాయల వరకు 12 శాతం, ఆపైన 18 శాతం ఉండేది. చెప్పులు, బూట్లు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఇది మంచి కబురే. మరి ఉద్యోగం వెతుకుతున్న మీకేంటి?

2022లో సంగారెడ్డి జిల్లాలో ఫ్లిప్‌కార్ట్ గోదాము మొదలైంది. గోదాము అనగానే మనకు ప్యాకింగ్, డెలివరీ కొలువులే గుర్తొస్తాయి. కానీ ఆన్‌లైన్‌లో ఏ బూటు అమ్ముడుపోవాలన్నా ముందు దాని ఫొటో కావాలి. కొనేవాళ్లు చేత్తో పట్టి చూడలేరు, కాలికి తొడిగి చూడలేరు. వాళ్లు నమ్మేది ఆ ఫొటోనే.

ఇది చట్టం కూడా. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫొటో, వివరాలు అసలు వస్తువుతో సరిపోలాలి. ప్రకటించినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఫొటోలో నల్లగా ఉన్న బూటు ఇంటికొచ్చాక ముదురు గోధుమ రంగులో కనిపిస్తే అది వాపసు వెళుతుంది. రానూపోనూ ఖర్చు, దెబ్బతిన్న రేటింగ్ అమ్మకందారుకే భారం. ఆ నష్టం తప్పించగలవాళ్లకే ఈ రంగంలో విలువ.

మొదట బ్యాక్‌గ్రౌండ్. అమెజాన్‌లో ప్రధాన ఫొటోకు స్వచ్ఛమైన తెలుపు తప్పనిసరి. ఫ్రేములో వస్తువు 85 శాతం నిండాలి. బూట్లయితే ఒక్కటే, ఎడమవైపు తిరిగి ఉండాలి. వినడానికి తేలికే. కానీ తెల్లటి నేపథ్యాన్ని కెమెరా బూడిద రంగుగా చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి. తెల్ల బూటయితే అంచులు నేపథ్యంలో కలిసిపోతాయి. ఫ్రేముకు బయట రెండు వైపులా నల్ల చార్టు నిలబెడితే అంచు స్పష్టంగా తేలుతుంది.

ఇక లైటింగ్. మెరిసే తోలు మీద నేరుగా ఫ్లాష్ కొడితే తెల్ల మచ్చ పడుతుంది. లైటుకు ముందు తెల్లని పల్చటి గుడ్డ కడితే వెలుగు మెత్తబడుతుంది. కాన్వాస్, స్వెడ్ బూట్లకు పక్క నుంచి లైటు పెడితేనే అల్లిక, నూగు కనబడతాయి. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు కలిపి వాడితే రంగు మారిపోతుంది. ఏదో ఒక్కటే వాడి, గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ సరిచూసుకోండి.

'ఇదంతా ఏఐ చేసేస్తుంది కదా' అంటారా? నిజమే, బ్యాక్‌గ్రౌండ్ క్షణాల్లో మారుస్తుంది. అందుకే కేవలం కటౌట్ పని నేర్చుకుంటే భరోసా తక్కువ. అయితే చేతిలో ఉన్న బూటు అసలు రంగేదో ఏఐకి తెలియదు. ఒక్కోసారి కుట్లు కూడా మార్చేస్తుంది. అసలును, ఫొటోను పక్కపక్కన పెట్టి తేడా పట్టే కన్ను ఇంకా మనిషిదే.

చదువు దారిలో రావాలనుకుంటే హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీ, ఎఫ్‌డీడీఐలో ఫుట్‌వేర్ డిజైన్ కోర్సులున్నాయి. ఈలోగా ఫోన్ చాలు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కార్మికులు వేసుకునే సేఫ్టీ షూలతోనే మొదలుపెట్టండి. దుకాణదారుని అడిగి నల్లది, తెల్లది, మెరిసేది, కాన్వాస్‌ది, సేఫ్టీ షూ.. ఐదు జతలు తీయండి. సోలు, కుట్లు, ఐఎస్ఐ మార్కు స్పష్టంగా కనిపించాలి. ఒక్కో ఫొటో కింద లైటు ఎక్కడ పెట్టారో, ఎందుకో రెండు ముక్కలు రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ముందు మీ పని చూపించేది ఆ ఐదు ఫొటోలే.