ప్రచారము – ప్రజాభిమానము

పేరుగల నటుడు మెచ్చినంతమాత్రమున ఒక ఆటకు ప్రజాభిమానము స్థిరపడునా? 2015లో అమెరికాలో వెలువడిన ‘మొబైల్ స్ట్రైక్’ అను ఆన్‌లైన్ ఆటకు ప్రఖ్యాత నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ప్రచారకుడయ్యెను. మఱుసటి యేట కోట్లకొలది జనులు తిలకించు సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీనడుమ ఆ ప్రకటన ప్రసారమయ్యెను. ప్రకటన జనులను వాకిటివరకు రప్పింపగలదు. లోపల నిలుపవలసినది ఆటయే.

2009లో స్వీడన్ దేశీయుడు మార్కస్ పెర్సన్ ప్రారంభించిన ‘మైన్‌క్రాఫ్ట్’ తారల యండ లేకయే ఆడినవారి నోటిమాటచే వ్యాపించెను. ఇచ్చవచ్చిన కట్టడములను నిర్మించుకొను స్వేచ్ఛయే దాని యాకర్షణ. 2014లో మైక్రోసాఫ్ట్ దాని నిర్మాణసంస్థను 250 కోట్ల డాలర్లకు కొనెను. అచట అభిమానము ముందు వచ్చెను. ధనము తరువాత వచ్చెను.

ధనముతో పేరును కొనవచ్చును గాని మమకారమును కొన శక్యముకాదు. కావున విద్యార్థులు తమ్మాకర్షించినది ఆటయా, నటుడా యని విచారించుకొనవలెను.