రక్తంలో కొవ్వు: ఒక్క అంకె చూసి సంబరపడరాదు

వేములపల్లి: పరగడుపున బస్సెక్కి మిర్యాలగూడ వెళ్లి, రక్తం ఇచ్చి, సాయంత్రానికి రిపోర్టు కాగితంతో తిరిగి వచ్చేవారు ఇప్పుడు ఈ ప్రాంతపు ప్రతి ఊరిలోనూ కనిపిస్తున్నారు. మొత్తం కొలెస్టరాల్ 200 లోపు ఉంటే ఏ బెంగా లేదని, దాటితే గుడ్డు, నూనె మానేస్తే సరిపోతుందని వారిలో చాలామంది భావన. రెండూ సగం నిజాలే. ఈ సగం నిజాల వల్ల మందు అవసరమైనవారు మందు లేకుండా ఉండిపోతున్నారు.

కొలెస్టరాల్ విషం కాదు. శరీరంలోని ప్రతి కణానికీ అది కావలసిందే. ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకొంటుంది. నీటిలో కరగదు కనుక రక్తంలో మాంసకృత్తుల పొట్లాలలో ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్ అనే పొట్లాలు ఎక్కువైతే రక్తనాళాల గోడలలో కొవ్వు చేరుతుంది. హెచ్‌డీఎల్ పొట్లాలు మిగులు కొవ్వును తిరిగి కాలేయానికి చేరుస్తాయి. కాలువలో పూడిక చేరినట్లని చెప్పడం పరిపాటి గాని, ఈ పూడిక చేరేది గోడ లోపల. ఒకనాడు అక్కడ గోడ చిట్లి, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నిన్నటిదాకా పొలం పని చేసిన మనిషి ఇవాళ గుండెపోటుతో కుప్పకూలడానికి కారణం ఇదే.

ఇది పట్నం జబ్బు అనే మాట కూడా చెల్లదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణాల కారణాలను ఆరా తీయగా, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే సంభవించినట్లు తేలింది. ఐసీఎంఆర్ వారి దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. అందులో నూటికి 81 మందికి రక్తపు కొవ్వులలో ఏదో ఒక తేడా ఉన్నది. అన్నిటికంటె ఎక్కువగా కనిపించింది మొత్తం కొలెస్టరాల్ పెరగడం కాదు, మంచిదనబడే హెచ్‌డీఎల్ తగ్గడం. ట్రైగ్లిజరైడ్లు పెరిగినవారూ చాలామందే ఉన్నారు.

ఈ ట్రైగ్లిజరైడ్ల సంగతి ఆయకట్టు ప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1967లో సాగర్ కాల్వలకు నీరు వదలక ముందు జొన్నరొట్టె, జొన్న గటక తిన్న ఇళ్లలో నేడు మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యపు అన్నమే. నాడు నాటు, కోత, మోత అన్నీ ఒంటితో చేసినవే. నేడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. ఖర్చు కాని పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. సారా, బ్రాందీ, కల్లు అయినా ఇంతే. నూనె మానేసి అన్నం రెండింతలు తినే వారికి ఈ అంకె దిగకపోగా పెరుగుతుంది. అది 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం కూడా ఉన్నది.

ఉదాహరణకు యాభై ఏళ్ల రైతు. షుగరు ఉన్నది, చుట్ట అలవాటు ఉన్నది. రిపోర్టులో మొత్తం కొలెస్టరాల్ 190, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 260, ఎల్‌డీఎల్ 106. మొదటి అంకె చూసి ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు. కాని 190 లోంచి 32 తీసివేస్తే మిగిలే 158 అంతా హాని చేసే పొట్లాలలోనిదే. ఇటువంటి వారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా సూచించింది. ఏ జబ్బూ, దురలవాటూ లేని ఇరవై అయిదేళ్ల యువకునికి అదే 106 వస్తే గోలీతో పని ఉండకపోవచ్చు. కనుక వయసు, బీపీ, షుగరు, పొగాకు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అన్న విషయం అడగకుండా కాగితం మాత్రమే చూసి మందు రాసేవారినీ, అక్కరలేదని పంపివేసేవారినీ నమ్మరాదు. థైరాయిడ్ మందగించినా కొలెస్టరాల్ పెరుగుతుంది; మొదట అది చూడాలి.

ఇక గోలీల విషయం. మూడు నెలలు వాడగానే రిపోర్టు బాగుందని మానేయడం ఇక్కడ సర్వసాధారణం. బాగున్నది గోలీ వల్లనే. మానిన కొద్ది వారాలకే కొవ్వు మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. కాలేయం చెడుతుందన్న పుకారు ఒకటి. కొందరికి కండరాల నొప్పులు రావచ్చు, షుగరు స్వల్పంగా పెరగవచ్చు. అప్పుడు డాక్టరుకు చెప్పి మోతాదు మార్పించుకోవాలి గాని తమంత తాము ఆపరాదు. ఈ స్టాటిన్ మందులకు మూలం ఒక బూజు. జపాన్‌లో రైతుబిడ్డ అయిన అకిరా ఎండో అనే శాస్త్రవేత్త 1973లో దాన్ని కనుగొన్నారు. ఆ బూజు దొరికింది క్యోటోలోని ఒక ధాన్యపు దుకాణంలోని బియ్యంలో! మిల్లుల సీమవారికి ఇది ముచ్చటైన విషయమే.

ముప్పై ఏళ్లు నిండినవారికి ఆరోగ్య సిబ్బంది గ్రామాలలోనే బీపీ, షుగరు చూస్తున్నారు. ఆ ఇంటింటి పరీక్షల జాబితాలో రక్తపు కొవ్వు లేదు. 2018లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకంలో ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉన్నది. కనుక బీపీ, షుగరు ఉన్నట్లు తేలిన ప్రతివారికీ ఏడాదికొకసారి కొవ్వు పరీక్ష అక్కడే జరిపించడం అసాధ్యమేమీ కాదు. మొదటి పరీక్షకు పరగడుపు కూడా తప్పనిసరి కాదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తేనే మరోసారి పరగడుపున చేస్తారు. అంటే కూలికి వెళ్లేవారు అన్నం తిని, పనికి పోతూ రక్తం ఇచ్చి పోవచ్చు. జిల్లా వైద్యాధికారులు ముందుగా వేములపల్లి మండలంలో ఈ ఏర్పాటు చేసి, బీపీ గోలీలతో పాటే కొవ్వు గోలీలు కూడా నెలకు సరిపడా ఇప్పించవలసి ఉన్నది.