చందమామకు వీపు లేదా?



ఈ నెల మేము చేసిన పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకొని, దానిని దిద్దుకోవలసియున్నది.

ఒక పున్నమి రాత్రి మా సంఘములోని ఒక ఇంట గృహకూడిక ముగిసిన తరువాత అందరమూ వాకిట్లో చాపల మీద కూర్చున్నాము. కరెంటు లేదు. పిండారబోసినట్టు వెన్నెల. ఆ ఇంటి ఆడపిల్ల, తొమ్మిదవ తరగతి చదువుచున్నది, ఆకాశము వైపు చూస్తూ ఇలా అడిగింది. “అయ్యగారూ, మా నాయనమ్మ చిన్నప్పుడు కూడా చందమామలో ఈ కుందేలే కనబడేదట. వెనుక వైపు మనకు ఎప్పుడూ కనబడదెందుకు?”

మేము ఆలోచించకుండానే, “చంద్రుడు తన చుట్టూ తాను తిరగడు తల్లీ, అందుకే” అన్నాము. పెద్దలందరూ తలలూపారు.

ఆ పిల్ల ఆ మాటే బడిలో చెప్పింది. తప్పన్నారు. “మా అయ్యగారు చెప్పారండీ” అన్నదట. తరగతి అంతా నవ్విందట. ఈ సంగతి ఆ పిల్ల మాతో అనలేదు. కొన్నాళ్లకు వాళ్లమ్మ నోట విన్నాము. తెలియనిదానిని తెలిసినట్టు చెప్పినది మేము. నవ్వులపాలైనది ఆ బిడ్డ. అప్పుడు పుస్తకాలు తిరగవేసి, తెలిసినవారిని అడిగి, నేర్చుకొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము.

చంద్రుడు తిరుగుతాడు. భూమి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి ఆయనకు దాదాపు 27 రోజుల 8 గంటలు పడుతుంది. తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి కూడా సరిగ్గా అంతే సమయము పడుతుంది. ఈ రెండు తిరుగుళ్లు సమానమైనవి గనుకనే ఒకే వైపు మనకు కనబడుతున్నది.

ఇది నమ్మశక్యము కాకపోతే గానుగెద్దును తలచుకోండి. గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతున్నంతసేపూ దాని ఒక డొక్కే గానుగ వైపు ఉంటుంది. రెండవ డొక్క గానుగకు ఎన్నటికీ కనబడదు. అంతమాత్రాన ఎద్దు తన ఒళ్లు తిప్పలేదందామా? దాని మూతిని గమనించండి. ఒకచోట ఉత్తరము చూస్తుంది, కొంచెము ముందుకు పోయిన తరువాత పడమర, ఆ తరువాత దక్షిణము, చివరకు తూర్పు. ఒక చుట్టు ముగిసేసరికి నాలుగు దిక్కులూ చూచింది. అంటే తన చుట్టూ తాను ఒకసారి తిరిగింది. నిజముగా తిరగకుండా, మూతి ఎప్పుడూ తూర్పుకే పెట్టి చుట్టూ నడిస్తే, రెండు డొక్కలూ గానుగకు కనబడియుండేవి. చంద్రుడు తిరగకపోతే మనకు ఆయన వీపు కూడా కనబడేది. మేము చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకము!

మరి ఈ రెండు తిరుగుళ్లు ఇంత సరిగ్గా ఎలా కలిశాయి? సముద్రపు ఒడ్డున ఉండేవారికి ఆటుపోట్లు తెలుసు. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. అది ముఖ్యముగా చంద్రుని ఆకర్షణ వలన కలిగేది. చంద్రుడు మన నీటిని లాగితే, ఆయనకంటే 81 రెట్లు బరువైన భూమి ఆయనను ఊరకే విడిచిపెడుతుందా? భూమికి దగ్గరగా ఉన్న వైపును ఎక్కువగా, దూరపు వైపును తక్కువగా లాగుతుంది. అందువలన చంద్రుని రాతి ఒళ్లు భూమి వైపునకు కొద్దిగా సాగి ఉబ్బుతుంది. పూర్వము చంద్రుడు ఇంతకంటే వేగముగా తిరిగేవాడు. అలా తిరిగినప్పుడల్లా ఆ ఉబ్బు పక్కకు జరిగేది, భూమి దానిని వెనుకకు లాగేది. బండి చక్రానికి అడ్డుకట్ట వేసినట్టు ఆ తిరుగుడు నెమ్మదించింది. ఎంతవరకు? ఆ ఉబ్బు భూమి వైపు నిలిచిపోయేవరకు. అప్పటినుండి అంతే.

అయితే మనకు సరిగ్గా సగమే కనబడుతుందనుకోవద్దు. చంద్రుని దారి ఖచ్చితమైన వలయము కాదు; ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరముగా ఉంటుంది. దగ్గరున్నప్పుడు వేగము ఎక్కువ, దూరమున్నప్పుడు తక్కువ. ఆయన ఇరుసు కూడా కొంచెము వాలియున్నది. అందువలన నెల పొడుగునా చంద్రుడు అటూ ఇటూ, కిందికీ పైకీ కొద్దిగా తల ఊపినట్టు కనబడతాడు. ఆ విధముగా నూటికి 59 వంతుల వరకు మనము చూడగలము. మిగిలిన 41 వంతులు భూమి మీదనుండి ఎవరికీ కనబడవు.

ఆ వెనుక వైపును కొందరు చీకటి వైపు అంటారు. అది సరికాదు. అక్కడ కూడా దాదాపు రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి. మనకు అమావాస్య అయిన దినమున అటువైపు నిండు ఎండ.

దానిని మొదట ఫోటో తీసినది 1959 అక్టోబరులో రష్యావారి లూనా-3. మన కుందేలుకు ఆకారమిచ్చే నల్లని మచ్చలు అక్కడ బహు కొద్ది, అంతా గోతులే. 1968 డిసెంబరులో అపోలో-8లో వెళ్లిన బోర్మన్, లోవెల్, ఆండర్స్ అనే ముగ్గురు దానిని మొదట కన్నులారా చూచారు. ఆ క్రిస్మస్ ముందటి రాత్రి ఆదికాండము మొదటి వచనాలు చంద్రుని దగ్గరనుండి చదివి లోకానికి వినిపించినవారు వారే. 2019 జనవరిలో చైనా వారి నౌక మొదటిసారిగా అక్కడ దిగింది. 2024లో మరొక నౌక అక్కడి మట్టిని భూమికి తెచ్చింది. అటువైపునుండి రేడియో సంకేతము భూమికి నేరుగా రాదు గనుక మధ్యలో మరొక ఉపగ్రహాన్ని నిలపవలసి వచ్చింది. మన శ్రీహరికోటనుండి బయలుదేరి 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 మాత్రము దక్షిణ ధ్రువానికి సమీపముగా, మనకు కనబడే వైపే దిగింది.

ఇవన్నీ తెలిసికొని మళ్లీ ఆ ఇంటికి వెళ్లాము. అదే వాకిట్లో, అందరి ఎదుట, “ఆనాడు మేము చెప్పినది తప్పు; ఈ బిడ్డ తప్పు కాదు” అన్నాము. వాకిలి మధ్య బిందె పెట్టి, దాని వైపే చూస్తూ చుట్టూ తిరుగుమ్మా అన్నాము. ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు వైపుల గోడలూ చూచింది. “నేనే చందమామను!” అని నవ్వింది.

తరువాత ఊరకుండక, “అయ్యగారూ, చంద్రుని మీద నిలబడితే మన భూమి ఎలా కనబడుతుంది?” అని అడిగింది. ఈసారి మేము, “తెలియదమ్మా, తెలిసికొని వచ్చే ఆదివారము చెబుతాము” అన్నాము.

చెప్పాము కూడా. ఇటువైపు నిలబడినవానికి భూమి ఉదయించదు, అస్తమించదు; ఆకాశములో దాదాపు ఒకేచోట తిరుగుతూ ఉంటుంది. అటువైపు నిలబడినవానికి మన భూమి ఎన్నటికీ కనబడదు.