ఒక్క టీచరు, ఐదు తరగతులు
ఒకే గదిలో ఒకటో తరగతి పిల్లాడు 'అ' దిద్దుతుంటాడు, పక్కనే ఐదో తరగతి అమ్మాయి భాగహారం దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇద్దరికీ దిక్కు ఒక్క టీచరే. హాజరు ఫోన్లో ఎక్కించేదీ, మధ్యాహ్న భోజనం లెక్క చూసేదీ, మండల కేంద్రంలో మీటింగుకు వెళ్లేదీ ఆమే. ఆమె సెలవు పెడితే చదువు ఆగినట్టే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలు వేలల్లో ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగానే చెప్పింది: ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు. అంటే పదిమందే ఉన్నా ఇద్దరుండాలి. కానీ పిల్లలు తక్కువని పోస్టు ఎత్తేస్తారు; టీచర్లు లేరని తల్లిదండ్రులు అప్పు చేసి ప్రైవేటు బడికి పంపుతారు; పిల్లలు ఇంకా తగ్గుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో జరుగుతున్నది మరీ అన్యాయం. ప్రాథమిక స్థాయిలో అలాంటి పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. అయినా ఆ పిల్లల్లో చాలామందికి ఇప్పటికీ మండలంలో వాళ్ల కోసం నడిపే భవిత కేంద్రమే ఆధారం. ప్రభుత్వాలు తలలు లెక్కపెట్టడం మాని తరగతులు లెక్కపెట్టాలి. వచ్చే జూన్‌లో బడి గంట మోగేలోపు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లను ఇవ్వాలి.