మోగని రికార్డులు

జాజ్ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళలో చాలాకాలంగా ఒక శోకం నడుస్తున్నది. 1942 ఆగస్టు 1న అమెరికా వాద్యకారుల సమాఖ్య రికార్డు కంపెనీలకు వాయించడం మానేసింది. ఆ సమ్మె పూర్తిగా ముగిసేసరికి 1944 నవంబరు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్కులో, నల్లవాళ్ళ పేట హార్లెంలో, బీబాప్ అనే కొత్త సంగీతం రూపు కడుతున్నది. ఎర్ల్ హైన్స్ ఆర్కెస్ట్రాలో చార్లీ పార్కరూ, డిజ్జీ గిలెస్పీ ఒకే వేదిక మీద వాయిస్తున్నారు. ఆ బృందం వాయించినదాన్ని ఏ కంపెనీ రికార్డు చెయ్యలేదు. ఆ పాడు సమ్మే లేకపోతే ఎంత సంగీతం మిగిలేదో గదా అని ఆ శోకం.

ఇందులో నేనూ ముప్ఫై ఏళ్ళు గొంతు కలిపాను. 1968లో విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు ఒక స్నేహితుడి రేడియోలో, వాయిస్ ఆఫ్ అమెరికా వారి జాజ్ కార్యక్రమంలో, మొదటిసారి పార్కర్ శాక్సఫోన్ విన్నాను. విల్లిస్ కోనోవర్ అనే ఆయన ఒక్కొక్క మాటా విడదీసి, మాబోటివాళ్ళకు అర్థమయ్యేట్టు నెమ్మదిగా చెప్పేవాడు. మా హాస్టల్లో గట్టి రాజకీయాలున్న ఒకాయన ఇది దొరల క్షీణ సంగీతమనీ, పైగా శత్రువు ప్రచారమనీ తేల్చేశాడు. రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. మొదటి మాట మాత్రం చెవులు మూసుకుని అన్నది. తరవాత మద్రాసు మూర్ మార్కెట్టులో పాత రికార్డులు ఏరుకునేవాణ్ణి. వాటి అట్టల మీద రాసినదే నాకు చరిత్ర. నేను చూసిన అట్టలన్నీ సమ్మెను దురదృష్టమన్నాయి. నేనూ అదే నమ్మాను.

పోయిన చలికాలం కొందరు విద్యార్థులు పిలిచి రికార్డులు వినిపించమన్నారు. మాటల్లో ఈ సమ్మె సంగతి వచ్చింది. సభలో ఒక అధ్యాపకుడు లేచాడు. జీతాల కోసం తానూ రెండుసార్లు సమ్మెలో కూచున్న మనిషే. "ఫ్యాక్టరీలో సమ్మె వేరండీ. కళ దగ్గర పైసల కోసం సమ్మె చేస్తే నష్టపోయేది చరిత్ర" అన్నాడు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళంతా మనవాళ్ళే. ఆ సాయంత్రం నాకు తగిన జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను.

ముందు ఆ పైసల సంగతి చూద్దాం. 1927లో టాకీలు మొదలయ్యాక సినిమాహాళ్ళలో వాయించి బతికే వేలాదిమంది వీధిన పడ్డారు. తరవాత రేడియో స్టేషన్లు మనుషులకు బదులు రికార్డులు వాడసాగాయి. హోటళ్ళలో, బార్లలో జ్యూక్ బాక్సులు వెలిశాయి. వాద్యగాడు ఒక పూట వాయించి ఒక పూట కూలి తీసుకుంటాడు. ఆ రికార్డు వెయ్యి చోట్ల వెయ్యి పూటలు మోగి, వెయ్యిమంది పని తీసేస్తుంది. అందులో అతని పనీ పోతుంది. ఇది మనకు తెలియనిదేమీ కాదు. ఇవాళ పెళ్ళిలో తాళి కట్టేవేళ స్పీకరులో సన్నాయి మోగుతుంది. ఆ సన్నాయి ఊదినవాడు ఒకప్పుడు స్టూడియోలో కూలి పుచ్చుకునే ఊది ఉంటాడు. ఇప్పుడు ముహూర్తాల రోజుల్లో అతను ఇంట్లో ఖాళీగా కూచున్నాడు. తన ఊపిరే తనకు పోటీ వచ్చింది.

సమాఖ్య అధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో అడిగింది, వాయించినవాడికి కూలి పెంచమని కాదు. అమ్ముడైన ప్రతి రికార్డు మీదా కొంత సొమ్ము యూనియను నిధికి కట్టాలన్నాడు. ఆ నిధితో పనిలేని వాద్యగాళ్ళకు పని కల్పించాలని ఉద్దేశం. చివరికి కుదిరిన రేటు రికార్డు ధరను బట్టి పావు సెంటు నుంచి మొదలవుతుంది. తరవాత ఆ డబ్బుతో పార్కుల్లో, ఆస్పత్రుల్లో, బడుల్లో ఉచిత కచేరీలు పెట్టించారు. పని ఉన్నవాడు పని లేనివాడి కోసం తన కూలి మానుకుని నిలబడ్డాడు. మన అధ్యాపక మిత్రుడు పైసల కోసమని ఈసడించినది దీన్నే.

ఇక చరిత్రకు జరిగిన నష్టం. అసలు రికార్డులు రాకుండా ఆపినదెవరు? డెక్కా కంపెనీ 1943 సెప్టెంబరులో సంతకం చేసింది, కాపిటల్ అక్టోబరులో చేసింది. ఆనాటి నుంచి ఆ రెండు కంపెనీల్లోనూ రికార్డింగు సాగింది. విక్టరూ, కొలంబియా మాత్రం మరో సంవత్సరం పైగా బిగుసుకు కూచున్నాయి. ఎర్ల్ హైన్స్ ఏ కంపెనీ మనిషి? విక్టర్ మనిషి. విక్టర్ సంతకం చేసే వేళకు పార్కరూ, గిలెస్పీ ఆ బృందం వదిలి వెళ్ళిపోయారు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడడానికి నాకు ముప్ఫై ఏళ్ళెందుకు పట్టిందో నాకే సిగ్గుగా ఉంది. ఒకరు పావు సెంటు అడిగారు, ఇంకొకరు ఇవ్వనన్నారు. పాట ఆగింది. ఆపినవాళ్ళని అడిగినవాళ్ళనే అంటాం, ఇవ్వనన్నవాళ్ళని అనం. ఇదేం లెక్క?

అంతకన్నా తమాషా ఒకటుంది. బీబాప్ తొలి రికార్డింగుగా రసికులే లెక్కవేసేది 1944 ఫిబ్రవరి 16 నాటిది. కోల్‌మన్ హాకిన్స్ నాయకత్వంలో గిలెస్పీ, డ్రమ్ములకు మాక్స్ రోచ్, అపోలో అనే చిన్న కంపెనీకి వాయించారు. అంటే బీబాప్ మొదటి రికార్డు సమ్మె పూర్తిగా ముగియకముందే వచ్చింది. యూనియను షరతులకు ఒప్పుకున్న చిన్నవాడు రికార్డు చేశాడు. ఒప్పుకోని పెద్దవాడు చెయ్యలేదు.

సమ్మే లేకపోతే పెద్ద కంపెనీలు ఆ కొత్త సంగీతాన్ని నెత్తిన పెట్టుకునేవా? నాకు నమ్మకం లేదు. 1939లో నల్లవాళ్ళను ఉరితీసే దారుణం మీద బిల్లీ హాలిడే 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడితే, ఆమె రికార్డులు అమ్ముకుంటున్న కొలంబియా దాన్ని ముట్టనన్నది. కమొడోర్ అనే చిన్న కంపెనీ తీసింది. పైగా యుద్ధం వల్ల 1942 ఏప్రిల్లో ప్రభుత్వం లక్క వాడకానికి కోత పెట్టింది. ఆనాటి 78 తిరుగుళ్ళ రికార్డుకు ముఖ్య సరుకు లక్క. ఆ లక్కలో చాలా భాగం మన దేశం నుంచి, చోటానాగపూర్ వంటి అడవి ప్రాంతాల నుంచి వెళ్ళేది. (కొమ్మల మీది లక్క గీకిన ఆదివాసీ పేరు ఏ రికార్డు అట్ట మీదా నేను చూడలేదు. అది వేరే వ్యాసం.) సరుకు కొరతగా ఉన్నప్పుడు కంపెనీ దాన్ని నమ్మకంగా అమ్ముడయ్యే పాటగాడికే ఖర్చుపెడుతుంది. హార్లెంలో అర్ధరాత్రి ప్రయోగాలు చేసే కుర్రాళ్ళకు పెట్టదు.

నిజానికి ఆ పుట్టుకలో మనకు మిగిలినది కంపెనీల వల్ల కాదు. 1941లో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి మోయగలిగిన యంత్రం ఒకటి మింటన్స్ ప్లేహౌస్‌కు పట్టుకుపోయి, గిటారు వాయించే చార్లీ క్రిస్టియన్‌ని రికార్డు చేశాడు. మరుసటి ఏడే క్రిస్టియన్ పాతికేళ్ళ వయసులో క్షయతో పోయాడు. 1943 ఫిబ్రవరిలో షికాగోలో ఒక హోటలు గదిలో బాబ్ రెడ్‌క్రాస్ అనే మిత్రుడు పార్కర్‌నీ, గిలెస్పీనీ రికార్డు చేశాడు. హైన్స్ బృందంలో ఖాళీ లేక పార్కర్ తన ఆల్టో వదిలి టెనర్ శాక్సఫోన్ పట్టిన రోజులవి. డిస్కులో గరగరమంటుంది, గది ఇరుకు తెలుస్తుంది. నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు విన్నది అదే.

ఇంతకూ ఆ మింటన్స్ ప్లేహౌస్ ఎవరిది? హెన్రీ మింటన్ అనే శాక్సఫోన్ వాద్యగాడిది. అతను న్యూయార్కు వాద్యకారుల యూనియనులో మొట్టమొదటి నల్ల ప్రతినిధి. కూలి లేకుండా చేరి వాయిస్తే యూనియను జరిమానా వేసే రోజుల్లో అక్కడ వాద్యగాళ్ళు నిర్భయంగా వాయించుకునేవారు. కొత్త సంగీతానికి పురుడు పోసిన గది యూనియను మనిషిది!

కంపెనీ చేతిలో పడ్డాక ఏమైందో వినాలంటే 1945 నవంబరు 26న సవాయ్ కంపెనీకి పార్కర్ చేసిన 'కో-కో' ఉంది. దాని మొదటి ప్రయత్నం కూడా భద్రంగా ఉంది. వాళ్ళు 'చెరోకీ' అనే పాత పాట బాణీ ఎత్తుకుంటారు, అంతలోనే ఆపేస్తారు. ఆ బాణీ వాయిస్తే దాని హక్కుదారుకు రాయల్టీ ఇవ్వాలి. స్వరాల కింది అల్లిక ఉంచి పైబాణీ తీసేస్తే ఇవ్వనక్కర్లేదు. రసికులు ఆ ఆపటాన్ని ఒక ముచ్చటగా చెప్పుకుంటారు. కళ దగ్గర పైసల ప్రస్తావన ఏమిటనేవాళ్ళు ఆ రెండు ప్రయత్నాలూ ఒకదాని తరవాత ఒకటి వినాలి. అంత గొప్ప వాదన మధ్యలో లెక్కల పుస్తకం తెరిచిన చప్పుడు వినిపిస్తుంది. దాన్ని తెరిచింది యూనియను కాదు.

యూనియను పవిత్రమని నేననడం లేదు. పెట్రిల్లో ఎదిగి వచ్చిన షికాగోలోనే తెల్లవాళ్ళకు ఒక శాఖ, నల్లవాళ్ళకు ఒక శాఖ ఉండేవి. ఆ రెండూ కలిసింది 1966లో. నల్లవాళ్ళ సంగీతం మీద వచ్చిన పావు సెంట్లు నల్లవాళ్ళకు సమంగా అందాయని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. ఇది నేరమే, దాచనవసరం లేదు. అయితే ఈ నేరాన్ని ఎత్తి చూపి సమ్మెను తిట్టిన రసికుడు నాకింతవరకు తారసపడలేదు. వాళ్ళ బాధంతా తమ బీరువాలో ఖాళీ గురించే.

1944 అక్టోబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్టే సమ్మె విరమించమని కోరాడు. యూనియను వినలేదు. యుద్ధకాలంలో సమ్మెలు వద్దన్నవాళ్ళలో అక్కడి వామపక్షం వాళ్ళూ ఉన్నారని మనం మరచిపోకూడదు. మరుసటి నెలలో విక్టరూ, కొలంబియా సంతకాలు చేశాయి. 1947లో టాఫ్ట్–హార్ట్‌లీ చట్టం తెచ్చి, అట్లా నేరుగా యూనియను చేతికి నిధి వెళ్ళకుండా చేశారు. దాంతో 1948లో మళ్ళీ దాదాపు ఏడాదిపాటు వాయించడం ఆపారు. అంత తిట్లు తిన్న పావు సెంటు విలువ చట్టసభకు బాగా తెలుసన్నమాట.

ఇవాళ నా మనవడు ఫోనులో పార్కర్‌ని పైసా ఇవ్వకుండా వింటాడు. వాయించేవాడికి ఎంత ముడుతుందని అడిగితే నవ్వుతాడు. మూర్ మార్కెట్టులో పాత రికార్డులు కొన్న నేను మాత్రం ఏ వాద్యగాడికి ఏమిచ్చాను?

విద్యార్థులు వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు. ఈసారి హాకిన్స్ 1944 ఫిబ్రవరి రికార్డుతో మొదలుపెడతాను. ఆ అధ్యాపక మిత్రుణ్ణి ముందు వరసలో కూచోమని ఇప్పటికే కబురు చేశాను.