చెట్టుకి దొర పేరు, మనవాళ్ళకి పోలీసు రిజిస్టరు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి. ఒప్పుకోని వాళ్ళు కింద రాయండి, తప్పకుండా జవాబిస్తాను.

ఆగస్టు 9 దాటినప్పట్నుంచీ మన గ్రూపులో పాతకాలపు చెట్ల బొమ్మలు తెగ తిరుగుతున్నాయి. మోదుగ పువ్వు, ఇప్ప, మారేడు, తుమ్మిక. నిజంగానే చూడముచ్చటగా ఉన్నాయి. ఆకు ఈనె, కాయ కోత, గింజ లోపలి పప్పు, అన్నీ విడివిడిగా గీసి రంగులద్దారు. ఆ బొమ్మల కిందే మన తమ్ముళ్ళు కొందరు రాశారు: "మన చెట్లని ప్రపంచానికి చూపించిన మహానుభావుడు", "ఆ దొర లేకపోతే ఇవి ఎవరికి తెలిసేవి?" అని. నా తగాదా బొమ్మలతో కాదు, ఆ మాటలతో.

ముందు విషయం చెప్తాను. ఆ బొమ్మలు 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పుస్తకంలోవి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1776లో మద్రాసు వచ్చాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట పెట్టి మిరియాలు, నీలి, చెరకు, మల్బరీ ఏవి పండుతాయో, ఏది కంపెనీకి లాభమో చూడటం ఆయన పని. 1793లో కలకత్తా తోటకి పెద్దగా వెళ్ళిపోయాడు. ఈ లోపు ఇక్కడి మొక్కల బొమ్మలు, వివరాలు 500 దాకా లండన్ పంపాడు. వాటిలోంచి జోసెఫ్ బ్యాంక్స్ 300 ఏరి అచ్చు వేయించాడు. 1795లో మొదలుపెట్టి 1820 వరకూ మూడు సంపుటాలు వచ్చాయి.

దొర ప్రేమగా గీశాడు అంటున్నారు కదా. దొర గీయలేదు. గీసింది ఆయన జీతం ఇచ్చి పెట్టుకున్న మన దేశపు చిత్రకారులు. 300 బొమ్మల్లో ఒక్కదాని మీదైనా ఆ చెయ్యి ఎవరిదో లేదు. పేరు లేదు, ఊరు లేదు. ఈ రోజు ఆ బొమ్మల్ని ఫ్రేములు కట్టి గోడలకి పెట్టుకుంటున్నారు. కింద మాత్రం 'రాక్స్‌బర్గ్' అనే ఉంటుంది.

"ఆ కాలంలో అంతేలే అన్నా, అప్పుడెవరు పేర్లు రాసేవాళ్ళు" అని ఒక తమ్ముడు అన్నాడు. ఈ మాట నేను ఒప్పుకోను. రాక్స్‌బర్గ్ కంటే నూరేళ్ళ ముందు, 1678 నుంచి 1693 మధ్య, ఆమ్‌స్టర్‌డాంలో 'హోర్టస్ మలబారికస్' అని 12 సంపుటాలు అచ్చయ్యాయి. కేరళ మొక్కల పుస్తకం అది. వేయించింది డచ్చి గవర్నరు వాన్ రీడ్. ఆయనేమీ ధర్మాత్ముడు కాదు, వ్యాపారం కోసమే వేయించాడు. అయినా అందులో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరుంది. ఈ మొక్కల సంగతులు నేనే చెప్పాను అని ఆయన తన భాషలో, తన లిపిలో రాసిచ్చిన పత్రం కూడా అచ్చయింది. అంటరానితనం నడుస్తున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. సరే, రాక్స్‌బర్గ్ తర్వాతి వాళ్ళని చూడండి. రాబర్ట్ వైట్ అనే ఇంకో డాక్టరు తన పుస్తకాల్లో చిత్రకారుల పేర్లు వేశాడు. రంగయ్య, గోవిందు. ఒక ఆర్కిడ్ జాతికి ఏకంగా 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు. అంటే ముందువాడు రాశాడు, వెనకవాడు రాశాడు. మధ్యలో ఉన్నాయన రాయలేదు. దాన్ని కాలం మీదకి నెట్టేస్తే ఎట్లా?

పోనీ చిత్రకారుల సంగతి అలా ఉంచండి. నాకు అసలు కడుపుమంట మొక్కల దగ్గర.

రాక్స్‌బర్గ్ ఒక మంచి పని చేశాడు, కాదనను. చాలా మొక్కల దగ్గర 'తెలింగులు దీన్ని ఇలా అంటారు' అని మన పేరు రాశాడు, మనం దాన్ని దేనికి వాడతామో రాశాడు. సోమిద చెట్టే తీసుకోండి. రాజమండ్రి పైన కొండల్లోని చెట్టు అది. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందని, పెరూ నుంచి తెచ్చుకునే ఖరీదైన సింకోనా బెరడు బదులు వాడొచ్చని ఆయన 1793లో ఒక చిన్న పుస్తకమే వేశాడు. చెట్టుకి 'ఫెబ్రిఫ్యూగా' అని పేరు తగిలించాడు, అంటే జ్వరాన్ని తరిమేది అని. తర్వాత శాస్త్రంలో దాని జాతి పేరే 'సొయ్మిడా' అయింది. మన సోమిదే అది. లాటిన్ ముసుగు వేసుకున్న తెలుగు మాట.

మరి ఆ కొండల్లో ఎవరున్నారు? కోయలు, కొండరెడ్లు. పుస్తకంలో వాళ్ళెక్కడ? 'తెలింగులు' అనే ఒక్క మాటలో అందరూ కలిసిపోయారు. కొండ మీద బెరడు కొట్టినవాడూ తెలింగే, కింద కచేరీలో దుబాసీ కూడా తెలింగే. జ్ఞానం ఎవరిదో చెప్పాల్సిన చోట ఇట్లా అందరిదీ చేసేస్తే, చివరికి అది ఎవరిదీ కాకుండా పోతుంది.

మన సముద్రం వైపు మొక్క ఒకటి చెప్తాను. చిట్టీత. ఇసుక నేలల్లో నేలబారుగా ముళ్ళతో ఉంటుంది, నల్లటి చిన్న పళ్ళు కాస్తాయి. చిన్నప్పుడు తినని వాళ్ళు మనలో ఉంటే చెప్పండి. దాని పాత లాటిన్ పేరు 'ఫీనిక్స్ ఫారినిఫెరా', పిండినిచ్చే ఈత అని. రాక్స్‌బర్గ్ పెట్టిన పేరే. ఆ పేరు ఎందుకొచ్చింది? కరువులో పేదవాళ్ళు ఆ మొక్క బోదె చీల్చి, లోపలి గుజ్జు దంచి, పిండి తీసి గంజి కాచుకుని బతికారు కాబట్టి. 1791, 92ల్లో సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువు. కంపెనీ శిస్తు వసూలు చేస్తున్న జిల్లాలే ఇవి. ఆకలితో ఉన్న ఎవరో ఒక ఆడమనిషి ముళ్ళు గీరుకుంటూ బోదె నరికి పిండి తీసి ఉంటుంది. ఆ పిండి ఒక పెద్ద పుస్తకంలో 'ఉపయోగాలు' అనే పేరా అయింది. ఆ పేరా చదివి మనం చప్పట్లు కొడుతున్నాం.

ఇక చిరివేరు. దీని గురించి బందరు వాళ్ళకి, పెడన వాళ్ళకి తెలియాలి, తెలియదు. కలంకారీ అంటే ఎర్రరంగు. ఆ ఎరుపు ఈ వేరు బెరడులోంచే వచ్చేది. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కోఠీ పెట్టింది ఈ అద్దకం గుడ్డల కోసమే. పువ్వులు, తీగలు, పళ్ళచెట్లు నిండిన ఆ గుడ్డలు యూరప్‌లో ఎంత అమ్ముడయ్యాయంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి పెట్టింది. ఆ చిరివేరు బొమ్మ కూడా రాక్స్‌బర్గ్ మొదటి సంపుటంలో ఉంది. సాగు చేసిన వేరు కన్నా తనంతట తాను మొలిచిన వేరులో రంగు ఎక్కువ అని కూడా రాశాడు. ఆ సంగతి ఆయనకి గదిలో కూర్చుంటే తెలిసిందా? ఇసుకలో సన్నటి వేరుని తెగకుండా లాగే వాళ్ళకి తెలుసు. శ్రీహరికోట అడవుల్లో ఆ వేరు తవ్విన వాళ్ళు యానాదులు. నేరుగా చెప్పాలంటే మన తాతలు. తర్వాత 1868లో జర్మనీలో ఎర్రరంగుని రసాయనంగా తయారు చెయ్యడంతో వేరుకి గిరాకీ పడిపోయింది. తవ్వినవాడి పేరు అప్పుడూ లేదు, ఇప్పుడు కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చాకా లేదు.

ఇంతకీ పేర్లు దొరికింది ఎవరికి? మోదుగకి 'బ్యూటియా' అని ఎందుకొచ్చిందో తెలుసా? బ్యూట్ ప్రభువు, ఇంగ్లండు ప్రధానమంత్రిగా చేసినాయన, ఆయన పేరు అది. మోదుగ ఆకులో ఒక్క ముద్ద తిని ఎరగడు. గుగ్గిలం చెట్టుకి 'షోరియా' అని వచ్చింది, గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద. ఒక తీగ అయితే రాక్స్‌బర్గ్ పేరు మీదే 'రాక్స్‌బర్గియా' అయింది. పేరు పెట్టడం వాళ్ళకి చేతకాక కాదు. ఎవరి పేరు పెట్టాలో వాళ్ళకి బాగా తెలుసు.

పేర్లు రాయడం వాళ్ళకి ఇష్టమే అనడానికి ఇంకో రుజువు చెప్తాను, ఎరుకల తమ్ముళ్ళు బాగా వినండి. 1871 చట్టాన్ని పెంచి 1911లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, మద్రాసు రాష్ట్రానికీ అది వచ్చింది. ఎరుకల వాళ్ళని ఆ జాబితాలో వేశారు. అప్పుడు మాత్రం మనిషి మనిషికీ పేరు రాశారు, వేలిముద్ర వేయించారు, ఊరు దాటితే చెప్పి వెళ్ళాలన్నారు. స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ మనకి దగ్గర్లోదే, కథలు అందరికీ తెలుసు. స్వతంత్రం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. మొక్క సంగతి చెప్పినప్పుడు తెలింగు, స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేరుతో సహా ఫలానా వాడు. ఒకే ప్రభుత్వం రెండు పుస్తకాలు రాసింది. మనం వాటిలో ఒకదాన్నే షేర్ చేస్తున్నాం.

"పాత గొడవలు తవ్వి ఏం లాభం అక్కా" అంటారు. ఇవి పాతవి అయితే నేను ఇంత రాసేదాన్నే కాదు.

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊళ్ళో వాళ్ళని అడిగి, అక్కడున్న చెట్టు చేమ, చేప, పురుగు, వాటిని ఎవరు దేనికి వాడతారు, ఆ తెలివి ఎవరిది, ఇదంతా 'ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు'లో రాయాలి. 2004 నిబంధనల్లో కమిటీలో కనీసం 18 శాతం ఎస్సీ, ఎస్టీలు, మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలని రాశారు. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు. హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, ఆలస్యమైతే రాష్ట్రానికి నెలకి 10 లక్షలు కట్టాలంది. ఇక చూడండి హడావుడి, దేశమంతా రిజిస్టర్లు పుట్టగొడుగుల్లా లేచాయి.

మన దివిసీమలో ఒక పంచాయతీ రిజిస్టరు నేను చూశాను, ఊరు పేరు వద్దు. అందులో మామిడి, వేప, తులసి ఉన్నాయి. తులసి దగ్గుకి మంచిదట! మడ అడవి పక్కనే ఉన్న ఊరు అది. తెల్లమడ, నల్లమడ ఒక వరుసలో ముగించారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందన్న సంగతి లేదు. ఏ పోటుకి పీత ఏ వేరు కింద దూరుతుందో లేదు. స్థానిక జ్ఞానం ఉన్నవాళ్ళ పేర్లు రాయాల్సిన చోట 'గ్రామ పెద్దలు' అని ఉంది. రెండు వందల ఏళ్ళ కింద 'తెలింగులు', ఇప్పుడు 'గ్రామ పెద్దలు'. ఆ పెద్దల్లో యానాది కాలనీ నుంచి ఒక్క మనిషి ఉన్నాడా అని అడిగితే, మీ వాళ్ళు పనికి వెళ్ళారమ్మా, దొరకలేదు అన్నారు. రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళినవాడు మధ్యాహ్నం పదకొండింటికి ఇంట్లో ఎట్లా దొరుకుతాడు?

పేరు ఉంటే ఏమొస్తుంది అనేవాళ్ళకి కేరళ కాణి తెగ సంగతి చెప్తాను. 1987లో అడవిలో శాస్త్రవేత్తలకి దారి చూపిస్తున్న కాణి కుర్రాళ్ళు అలసట తెలియకుండా ఒక కాయ నములుతున్నారు. అదేమిటని అడిగితే మొదట చెప్పలేదు, తర్వాత చెప్పారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. కంపెనీ ఇచ్చిన 10 లక్షల లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి వాళ్ళ ట్రస్టుకి అని ఒప్పందం అయింది. ఆ ఒప్పందం గొప్పగా ఏమీ నడవలేదు, తెగలోనే గొడవలొచ్చాయి. కానీ వాటా అడగడానికి ఒక పేరు, ఒక కాగితం ఉన్నాయి. మనకి అవీ లేవు.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆయుర్వేద గ్రంథాల్లాంటి వాటిలో క్రోడీకరించిన జ్ఞానాన్ని వాడుకునేవాళ్ళు ఇక వాటా ఇవ్వక్కర్లేదు. పుస్తకంలో ఉంటే వాటా లేదు. మన నోట్లో ఉంటే రుజువు లేదు. మన నాయనమ్మల తెలివికి ఇక మిగిలిన చోటు పంచాయతీ రిజిస్టరు ఒక్కటే, అందులోనూ తులసి రాశారు.

అందుకని నేను అడిగేది ఇది. బొమ్మలు పెట్టుకోండి, నేనూ చూస్తాను. కానీ ఒక్కో బొమ్మ కింద ఆ చెట్టుకి మీ ఇంట్లో ఏమంటారో, ఆ సంగతి మీకు ఎవరు చెప్పారో పేరుతో రాయండి, ఆ మనిషి సరే అంటేనే. మందు రహస్యం మాత్రం రాయకండి. మందు ఉందని చాలు, ఎట్లా కలుపుతారో గ్రూపులో పెడితే మనమే ఉచితంగా పంచినట్టు.

రెండోది, నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి మండలాల వాళ్ళు మీ మీ పంచాయతీ రిజిస్టరు కాపీ సమాచార హక్కు కింద అడగండి. పల్లె స్థాయిలో అర్జీకి ఫీజు లేదు. మూడు ప్రశ్నలు వెయ్యండి: కమిటీ సభ్యుల పేర్లు, అందులో ఎస్టీలు ఎంతమంది, రిజిస్టరు కోసం ఎవరెవర్ని ఏ తారీఖున అడిగారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ నమూనా తెలుగులో రాసి రేపు ఇక్కడే పెడతాను. మా కాలనీ అర్జీ మొన్న సోమవారమే ఇచ్చేశాం, రసీదు నా దగ్గరుంది.